గిన్నెకో పెళ్ళికొడుకు

హేచరీలో ఆమెను అందరూ బొటనవేలమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం తోడికోడలికీ మొగుడికీ తప్ప ఇంకెవరికీ లేదు. మిగతావాళ్ళు చాటుగా అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా. ఎందుకు మురవదు చెప్పండి? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆనకట్ట కింది చుక్కచేపలకు పురుళ్ళు పోస్తున్నది ఆ వేలే కదా.

చుక్కచేప సంగతి ముందు చెప్పాలి. అది ఏటి చేప. కొత్తనీరు దిగగానే ఎదురీది ఎగువకు వెళ్ళి గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టడం దాని అలవాటు. ఆనకట్ట కట్టాక దారి మూసుకుపోయింది. గోడకు తల కొట్టుకుంటున్న చేపలను చూసి ఎవరికైనా జాలేసిందో, ఖాళీ వలలతో ఆఫీసు మెట్లెక్కిన జాలర్లను చూసి భయమేసిందో తెలియదు గానీ, గోడ పక్కనే ఒక హేచరీ కట్టారు. రేకుల షెడ్డు, పన్నెండు సిమెంటు తొట్లు, ట్రేలు పేర్చిన చల్లటి గది, పొద్దస్తమానం మూలిగే పంపు. ఆ పంపును చూసుకునేది ఆమె భర్త. ఇద్దరూ మూలిగేవాళ్ళే, కాకపోతే పంపు మధ్యమధ్యలో ఆగుతుంది అంటుంది ఆమె.

చేసే పని చూడ్డానికి తేలిక. తల్లిచేపను తడిగుడ్డలో పట్టుకుని, పొట్ట తుడిచి, బొటనవేలితో పైనుంచి కిందికి నెమ్మదిగా నొక్కాలి. గుడ్లు పొడి గిన్నెలోకి ధారగా జారుతాయి. గట్టిగా నొక్కితే నెత్తురొస్తుంది, మెత్తగా నొక్కితే సగం లోపలే ఉండిపోతాయి. తర్వాత మగచేపను అలాగే నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. ఆ పాలను గుడ్ల మీద పోసి, ఈకతో కలిపి, అప్పుడు నీళ్ళు పోయాలి. నీటి చుక్క ఒక్కటి ముందే పడిందా, గుడ్లు నోరు మూసుకుంటాయి, ఇక పాలు పోసినా దండగే. ఇదంతా తడబడకుండా చేయగల చెయ్యి ఒక్కటే ఉంది అక్కడ.

ఆమెకు తనదైన పద్ధతి కూడా ఒకటి ఉంది. సీజను మొదట్లోనే వలలో పడ్డ మగచేపల్లో బాగా బలిసిన వాటిని, నిగనిగలాడే వాటిని ఏరి వేరే తొట్లో పెట్టేది. వాటికి పెళ్ళికొడుకులని పేరు. ప్రతి గిన్నెలోనూ ముందు ఒక పెళ్ళికొడుకు పాలు పడాలి. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, మరో ముగ్గురు నలుగురు మగచేపల పాలు. వీళ్ళు తోడుపెళ్ళికొడుకులు. మంచి పెళ్ళికొడుకు దొరికితే రోజు విడిచి రోజు తీసి ఇరవై గిన్నెలకు వాడేది. బక్కచిక్కినవీ పొట్టివీ వస్తే చేతిలో తిప్పి చూసి, "నీకు పిల్లనెవరిస్తార్రా, పో" అని ఏట్లోకి విసిరేసేది. తోడికోడలు పడీపడీ నవ్వేది.

నూటికి తొంభై నాలుగు గుడ్లు పిల్లలయ్యేవి. చుట్టుపక్కల ఏ హేచరీ ఎనభై దాటలేదు. శిక్షణ షెడ్డు గోడ మీద ఆమె చేతుల ఫొటోలతో ఒక పటం వేలాడుతోంది, ఆమె పద్ధతి అయిదు మెట్లలో. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పటాన్ని చూసి, తర్వాత ఆమె వేలు చూసి, పటంలో చిన్నగా కనిపిస్తోందండీ అనేవాళ్ళు.

అలా సాగుతుండగా ఆ ఏడు సీజను మొదట్లో రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది ఉత్తర్వు. ఏటికి ఎగువన, పాత రాతికట్టకు అవతల, ఒక వాగు ఉంది. కట్ట నిటారుగా ఉండడంతో కింది చేప పైకి ఎక్కలేదు. పైన ఉన్న చుక్కచేపలు ఎవరి పురుడూ అక్కర్లేకుండా తమ మానాన తాము పిల్లల్ని కంటూ ఉన్నాయి. హేచరీ పిల్ల ఒక్కటి కూడా ఆ నీళ్ళలో పడలేదు. చేపలు తగ్గాయని వాగు పక్క మనుషులు అర్జీ పెట్టుకున్నారు. కాబట్టి పది వారాల్లో నలభై వేల పిల్లల్ని అందులో వదలాలి, పెద్దలు వస్తారు, ఏర్పాట్లు చూడండి అని ఉత్తర్వు. వదిలే ముందు రిజిస్టరులో "ఈ పిల్లలు ఈ నీటికి తగినవే" అని హేచరీ సీనియర్ మనిషి సంతకం పెట్టాలి. అంటే బొటనవేలమ్మ పెట్టాలి.

రెండో కాగితం కత్తెరబాబు పట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, పరిశోధన కేంద్రంలో ఉద్యోగం, మాట మెత్తన. పోయిన ఏడు వచ్చి చేపల రెక్కల కొసలు గోరంత కత్తిరించి సీసాల్లో వేసుకుపోయాడు, దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. ఆ ముక్కను బట్టి ఏ పిల్లకు తల్లెవరో తండ్రెవరో చెప్పేస్తారట.

"అమ్మా, మీ హేచరీ పిల్లల్ని రెండొందలు చూశాం," అన్నాడు గిన్నెల బల్ల పక్కన నిలబడి. "తల్లులు నూట ముప్పై దాకా తేలారు. తండ్రులు పదకొండు మంది."

"లెక్క తప్పారు. మళ్ళీ చూసుకోండి బాబూ."

"మూడుసార్లు చూశామమ్మా."

"నేను గిన్నెకి నలుగురైదుగురి పాలు పోస్తాను. సీజనుకి రెండొందల మగచేపలు నా చేతి మీదుగా పోతాయి. వాళ్ళంతా ఏమైనట్టు?"

"మొదట పోసినవాడి పాలే గుడ్లన్నిటినీ అందుకుంటున్నట్టున్నాయి. మిగతావి పడేసరికి పని అయిపోతోంది."

చేప పట్టుకుని నిలబడ్డ తోడికోడలు ఊరుకుంటుందా? "అయితే తోడుపెళ్ళికొడుకులు వచ్చి, కాసేపు కూర్చుని, ఇళ్ళకెళ్ళిపోతున్నారన్నమాట" అంది. బొటనవేలమ్మ ఒక్క చూపు చూసింది. తోడికోడలు చేప వంక చూసుకుంది.

కత్తెరబాబు వదల్లేదు. పై వాగులో అరవై చేపల్ని చూస్తే యాభైకి పైగా తండ్రులు తేలారట. చిన్న వాగు, పీల చేపలు, అయినా దేని పోలిక దానిదే. మొన్న వేసవిలో మొప్పల తెగులు వచ్చినప్పుడు ఆనకట్ట కింద పదింట తొమ్మిది చేపలు రెండు రోజుల్లో వెల్లకిలా తేలాయి. అదే తెగులు, అవే ఎండలు, వాగులో మాత్రం సగానికి సగం నిలబడ్డాయి.

"వీధిలో అన్ని ఇళ్ళకీ ఒకటే తాళంచెవి అయితే దొంగకెంత సుఖమో చూడండి," అన్నాడు. "కింద మన చేపలు అలా తయారయ్యాయి. పైవాటికి ఇంకా దేని తాళం దానికుంది. మన నలభై వేలు అక్కడ పడితే వాటితో కలిసిపోయి నాలుగైదు తరాల్లో అన్నిటినీ ఒకే అచ్చు చేసేస్తాయి. తర్వాత ఆ రకాలు కావాలన్నా లోకంలో ఎక్కడా దొరకవమ్మా."

"మీ సీసాలు కడిగి మళ్ళీ చూడండి," అని ఆమె లేచి వెళ్ళిపోయింది. మొహం కందగడ్డలా ఉంది. మాటంటే పడే మనిషి కాదు. అందులోనూ ముప్పై ఏళ్ళ పనిని, సీసాలు పట్టుకు తిరిగే మనిషి వచ్చి కాదంటే ఎలా ఉంటుంది?

మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే నల్లతోక గుర్తొచ్చింది.

చుక్కచేపల్లో ఎక్కడో ఒకదానికి తోక నల్లగా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి అలాంటి మగచేపను పెళ్ళికొడుకును చేసింది. ఆ తొట్లో పిల్లల్లో సగం మసి పూసిన తోకలతో తిరిగాయి. చూడ్డానికి బాగోలేదని అప్పటి నుంచి నల్లతోకను ముందు పోయడం మానేసింది. తోడుపెళ్ళికొడుకుగా మాత్రం ఏటా పోస్తూనే ఉంది, పాలు వృథా ఎందుకని. తర్వాత తొట్లలో నల్లతోక పిల్ల కనిపించడమే అరుదైపోయింది. పీడ వదిలిందని అప్పట్లో సంతోషించింది.

చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. పోస్తూ ఉన్నప్పుడు పిల్లలు ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు వేసుకోలేదు?

సరే, ఒకరు చెబితే వినే మనిషి కాదు కదా. తన కంటితో చూడాలి. మర్నాడే వలలో పడ్డ ఒక నల్లతోక మగచేపను దాచింది. ఒకే తల్లి గుడ్లను రెండు గిన్నెల్లోకి సమంగా పంచింది. మొదటి గిన్నెలో ముందు నల్లతోక పాలు ఒక చెంచా, తర్వాత మామూలు మగచేపలు రెండింటివి చెరో చెంచా. రెండో గిన్నెలో ముందు ఆ మామూలువి, చివర నల్లతోక. అన్నీ ఒకే కొలత, ఒకే ఈక. గుడ్లు పిల్లలయ్యాక వాటిని షెడ్డు చివర మూలనున్న రెండు చిన్న తొట్లలో వేసి, "జబ్బు పిల్లలు, ముట్టుకోవద్దు" అని బోర్డు పెట్టింది. ఆ తొట్లకు నీళ్ళు ఆగకూడదని భర్తకు గట్టిగా చెప్పింది.

"ఏమే, జబ్బు పిల్లలకింత సేవా? నాకు జ్వరమొస్తే ఒక్క టీ ఇచ్చి ఊరుకున్నావు," అన్నాడాయన.

"మీరు తొట్లో ఉండుంటే చూసేదాన్ని."

తోకల రంగు తేలడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆమె మామూలుగానే తిరిగింది, మామూలుగానే కసిరింది. కానీ రోజూ పొద్దున్నే షెడ్డులోకి రాగానే ముందు ఆ మూలకే వెళ్ళేది. ఏడో వారం తెల్లటి పళ్ళెంలో పిల్లల్ని చెంచాతో ఎత్తి పోస్తూ ఒక్కొక్కటీ తానే చూసింది. నల్లతోక పాలు ముందు పోసిన తొట్లో, నాలుగొందల పిల్లల్లో నూట తొంభై ఏడు నల్లతోకలు, ఉద్యోగం కొత్తల్లో చూసినట్టే దాదాపు సగం. చివర పోసిన తొట్లో నాలుగొందలకు ఆరు.

ముందు సిగ్గేసింది. మెడ దాకా వేడెక్కేంత సిగ్గు. పెళ్ళికొడుకుల తొట్టి, విసిరేసిన పీల చేపలు, గోడ మీద పటం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఏట్లో చేప తగ్గకుండా కాపాడుతున్నానని ఊరంతా చెప్పుకుంది. ఆ తెగులు వచ్చేదాకా చేపలు తగ్గలేదు, నిజమే. వాటి తండ్రుల్ని మాత్రం తన చేత్తోనే ఏడాదికి పదకొండు మందికి కుదించింది. పళ్ళెం పక్కన పెట్టి, తిరగేసిన బక్కెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఎవరూ చూడలేదు, చూసినా అడిగే ధైర్యం ఎవరికుంది గనక.

ఏడుపు అయ్యాక లేచింది. ఆ మధ్యాహ్నమే పెళ్ళికొడుకుల తొట్టి ఖాళీ చేయించింది. సీజను చివర్లో మిగిలిన తల్లిచేపల గుడ్లను ఒక్కొక్కదానివి అయిదు చిన్న గిన్నెల్లోకి పంచి, గిన్నెకో మగచేప చొప్పున, పొట్టిదీ పొడుగుదీ అని చూడకుండా వలలో ఏది వస్తే అది, ఒకసారి వాడింది మళ్ళీ వాడకుండా పని మొదలుపెట్టింది. గిన్నెలు చాలక టీ గ్లాసులు కూడా లాక్కొచ్చారు.

"అక్కా, ఈ బక్కోడికి కూడానా?" అంది తోడికోడలు, వేలెడంత మగచేపను పైకెత్తి.

"వాడికీ ఒక గిన్నె పెట్టు."

"పిల్లనెవరిస్తారన్నావు కదా."

"నేనిస్తున్నా. నీకేమైనా అభ్యంతరమా?"

పిల్లలయ్యే గుడ్ల లెక్క నూటికి తొంభై నాలుగు నుంచి ఎనభై రెండుకు పడిపోయింది. ఆఫీసు బయట బోర్డు మీద ఆ అంకెను ఆమే సుద్దతో రాసింది, ఎప్పటికన్నా పెద్దగా.

ఇంట్లో ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని సంగతంతా భర్తకు చెప్పింది. "చూడు, ఇంకొక్క ఏడాదిలో రిటైరై ఇంటికొస్తావు," అన్నాడాయన. "నిన్నెవరడిగారు? సంతకం పెట్టేసెయ్. కొత్త పద్ధతి వచ్చే ఏడు నుంచి అని చెప్పు. ఇన్నేళ్ళ మంచిపేరు చేతులారా చెడగొట్టుకుంటావా?"

"ఆ నలభై వేలు పాత పద్ధతివండీ. వాగులోకి పోతున్నవి అవే."

"ఒక్క వాగే కదా."

"మిగిలింది ఆ ఒక్కటే," అంది.

ఆయన కంచం పక్కకు జరిపాడు. "రేపు ఆఫీసరు దగ్గరికి నేనూ రానా?"

"వద్దు. మీరొస్తే నేను మీతో పోట్లాడుతూ ఉండిపోతాను. నాకు ఆయనతో పని ఉంది."

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మర్నాడు ఆమె వెంట షెడ్డు మూలకు వచ్చి, రెండు తొట్లలోకీ తొంగిచూసి, నల్లతోకల్ని కళ్ళారా చూశాడు. కత్తెరబాబు కాగితం కూడా చదివాడు. చదివి తల గోక్కున్నాడు. పిలుపులు అచ్చయ్యాయి, కుర్చీలకు చెప్పేశారు, వాగు మనుషులు ఎదురుచూస్తున్నారు. "ఈసారికి కానిచ్చేద్దామమ్మా. వచ్చే ఏడు నుంచి మీరెలా అంటే అలా," అన్నాడు.

"వదిలిన పిల్లల్ని వచ్చే ఏడు వెనక్కి పిలవలేం సార్. పిలుపులు మళ్ళీ అచ్చేయించుకోవచ్చు."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె కోపం రెండు రోజుల్లో చల్లారుతుందనుకున్నాడు. ఆ కోపం చల్లారుతుందని పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నానని పంపు దగ్గర ఆమె భర్త నిట్టూర్చాడు.

వదిలే రోజు పొద్దున్నే రెండు వ్యాన్లు వచ్చి షెడ్డు ముందు ఆగాయి. గాలి నింపిన సంచుల్లో పిల్లలు సిద్ధంగా ఉన్నాయి. ఆఫీసరు ఇస్త్రీ చొక్కాతో రిజిస్టరు తెచ్చి గిన్నెల బల్ల మీద తెరిచాడు. కత్తెరబాబు ఒక పక్కన నిలబడి అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని పెన్ను తీసుకుంది. సంతకం గడి వదిలేసి పక్కనున్న ఖాళీ జాగాలో రాయడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, తప్పుల్లేకుండా, ఒక్కో అక్షరం కూర్చుకుంటూ రాసింది.

ఆఫీసరు పైకే చదివాడు. "ఈ పిల్లలు పై వాగుకు తగవు. వీటికి తండ్రులు చాలరు. కారణం నా పద్ధతి. తప్పు నాది." చదివి ఆమె వంక చూశాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు సంతకం పెట్టారు కదమ్మా. ఇదొక్కటీ పెట్టేస్తే ఏమవుతుంది?"

"అవన్నీ తెలియక పెట్టాను సార్. ఇది తెలిసి పెట్టాలి. నావల్ల కాదు."

ఆఫీసరు కావాలంటే ఆ గడిలో తనే సంతకం పెట్టుకోవచ్చు, ఆయనకా అధికారం ఉంది. పెన్ను మూత తీశాడు కూడా. కాసేపు అలాగే పట్టుకుని మళ్ళీ మూత పెట్టేశాడు. "తప్పు నాది అని రాసిన కాగితం కింద నేనెలా పెడతాను," అని గొణిగాడు. డ్రైవర్లను పిలిచి రెండు వ్యాన్లనూ ఆనకట్ట దిగువకే, వాటి అన్నదమ్ములున్న చోటికే తోలమన్నాడు. పెద్దలకు ఫోన్ చేసి చోటు మారిందని చెప్పాడు. ఉపన్యాసానికి వాగైతేనేం, ఆనకట్టైతేనేం.

ఆమె ఊపిరి పీల్చుకుంది. వ్యాన్ వైపు చూసింది. సంచులు ఎంచడం ఆమెకు అలవాటు.

"సార్, సంచులు తక్కువున్నాయి."

ఆఫీసరు నీళ్ళు నమిలాడు. "అదీ... నిన్న సాయంత్రం ఒక ఆరు వేలు తీసుకెళ్ళామమ్మా. పెద్దలొచ్చినప్పుడు సంచి ఎలా వంచాలో, ఫొటో ఎటు నుంచి తీస్తే బాగుంటుందో చూసుకుందామని. మీరు ఎలాగూ సంతకం పెడతారు కదా అని..."

"వాగులోనా?"

"వాగులోనే."

కత్తెరబాబు అద్దాలు తుడవడం ఆపేశాడు. ఆమె మాత్రం ఎక్కువసేపు నిలబడలేదు. "రాత్రి ఒక్కటే గడిచింది. అవి నా చేతి మేత తిని పెరిగినవి," అంది. తోడికోడలి వైపు తిరిగి, "మేత బక్కెట్టు తే. సన్న వలలన్నీ తే. సార్, మీ జీపు కావాలి."

ఇన్నేళ్ళలో ఆమె ఆ వాగును చూడ్డం అదే మొదలు. మనుషులు చెప్పినంత చిన్నదేం కాదు. నీళ్ళు చల్లగా, అడుగు కనిపించేంత తేటగా రాళ్ళ మీదుగా పోతున్నాయి. ఒడ్డున నిన్నటి బూట్ల గుర్తులు ఇంకా ఆరలేదు. ఆమె మోకాళ్ళ దాకా దిగి, ఇనప బక్కెట్టు అంచు మీద చెంచాతో మూడుసార్లు కొట్టింది. హేచరీలో మేత వేసే ముందు రోజూ చేసే చప్పుడది. నీళ్ళ మీద చిటికెడు మేత చల్లింది.

ముందు ఏమీ కదల్లేదు. తర్వాత కింద మడుగులోంచి ఒక గుంపు, రాళ్ళ పక్క నుంచి ఇంకో గుంపు, నోళ్ళు తెరుచుకుంటూ ఆమె కాళ్ళ చుట్టూ చేరాయి. మనిషి నీడ పడితే చాలు పరిగెత్తుకొచ్చే అలవాటు వాటిది. వాగు చేపలు ఒక్కటీ రాలేదు, నీడ చూసి రాళ్ళ కింద దూరాయి. కత్తెరబాబు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. వల దింపితే హేచరీవి మాత్రమే పడుతున్నాయి, ఏరుకునే పని కూడా లేదు.

"బాబూ, తర్వాత ఆశ్చర్యపోదురు గానీ, ఆ వల కొస పట్టుకోండి," అంది ఆమె.

పొద్దు తిరిగేసరికి మూడు వేల రెండొందలు బక్కెట్లలోకి చేరాయి. ఆఫీసరు ఆనకట్ట దగ్గర ఉపన్యాసం ముగించుకుని, ఇస్త్రీ చొక్కాతోనే వచ్చి, ప్యాంటు మడిచి, ఎవరూ అడక్కుండానే నీళ్ళలోకి దిగాడు. వాగు మనుషులు ఒడ్డున నిలబడి, నిన్న వదిలిన చేపల్ని ఇవాళ పట్టుకుపోతున్నారేమిటని అడిగారు. ఆమె దాచలేదు. మీ వాగులో ఉన్నవి ఇంకెక్కడా లేనివి, నేను పెంచినవి వాటికి చాలవు అని చెప్పింది. వాళ్ళకు పూర్తిగా అర్థమైందో లేదో గానీ, తమ చేపలే గొప్పవన్న మాట మాత్రం బాగా నచ్చింది. ఇద్దరు ఇళ్ళకు పోయి బుట్టలు తెచ్చారు.

రెండో రోజుకు అయిదు వేల నూరు. మూడో రోజు ఇంకో నాలుగొందల యాభై. నాలుగో రోజు పొద్దుటి నుంచీ బక్కెట్టు కొడితే ముప్పై వచ్చాయి, అయిదో రోజు ఒక్కటీ రాలేదు. నాలుగొందల పైచిలుకు తేలలేదు. పక్షులు తిన్నాయో, రాళ్ళ కింద దాక్కోవడం నేర్చుకున్నాయో చెప్పలేమన్నాడు కత్తెరబాబు. నలభై వేలైతే మునిగిపోయేది, ఇంతైతే ఈ వాగు తట్టుకుంటుందమ్మా అని కూడా అన్నాడు, ఆమె మొహం చూసి. ఆమె తల ఊపింది. నాలుగొందలంటే ఎన్నో ఆమెకు తెలుసు, పళ్ళెంలో ఒక్కొక్కటే చూసింది కదా.

మిగతావాళ్ళు వలలు చుట్టి జీపులో వేస్తుంటే ఆమె ఇంకోసారి నీళ్ళలోకి దిగింది. ఆఖరిసారి బక్కెట్టు అంచు మీద చెంచాతో కొట్టి, మేత చల్లి, వంగి చూసింది. కాళ్ళ దగ్గరి రాయి కింద వాగు పిల్ల ఒకటి ఉంది. సన్నగా, వంకరగా, చుక్కలు కూడా సరిగా లేవు. మేత దాని ముక్కు ముందు నుంచే కొట్టుకుపోయింది. అది అటు చూడనైనా లేదు, రాయి లోపలికి ఇంకాస్త వెనక్కి జరిగింది.

ఇన్నేళ్ళూ చేపల్ని పిలిచి పిలిచి పెంచిన మనిషి, బక్కెట్టును వీపు వెనక్కి దాచుకుంది.

"రాకు తల్లీ," అంది మెల్లగా. "నేను ఎంత పిలిచినా రాకు."